ఆనుకోవలసింది ఎవరి మీద



డిసెంబరు 31 రాత్రి మనలో చాలామంది చర్చిలోనే గడిపాం. పన్నెండు కొట్టగానే గంట మోగింది. పక్కవాళ్ళ చేతులు పట్టుకుని శుభాకాంక్షలు చెప్పుకున్నాం. వాగ్దానపు కార్డు తీసుకుని, దీపం వెలుతురులో చదువుకుని, బైబిల్లో దాచుకున్నాం. ఆ కార్డు దేవుడు మనకిచ్చిన మాట. దానితో పాటు మనం దేవుడికిచ్చిన మాటలు కొన్ని మనసులో పెట్టుకుని ఇంటికి వచ్చాం. ఈ ఏడు బైబిలు మొదటినుంచి చివరిదాకా చదువుతాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థనలో కూర్చుంటాను. శుక్రవారం ఉపవాసం తప్పను. ఇంట్లోవాళ్ళ మీద అరవను.

జనవరిలో ఆదికాండం హాయిగా సాగిపోతుంది. నిర్గమకాండంలో ఎర్ర సముద్రం దాటేదాకా ఉత్సాహం తగ్గదు. ప్రత్యక్ష గుడారపు కొలతల దగ్గర నడక మందగిస్తుంది. లేవీయకాండం వచ్చేసరికి గుర్తుకోసం పెట్టుకున్న కార్డు ఒకే పేజీలో ఉండిపోతుంది. ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఎందుకంటే ఆ పేజీ దగ్గరే ఒక విశ్వాసి మనసులో 'భక్తిగా బతకడం నావల్ల కాదు' అనే మాట పుడుతుంది. అది ఒకసారి పుట్టాక, ఆదివారం చర్చికి వచ్చినా వెనక బల్ల మీద కూర్చుని వెళ్ళిపోతారు కొందరు. ప్రభు భోజనానికి పిలిచినప్పుడు లేవరు. 'నాకు అర్హత లేదులెండి' అని తప్పుకుంటారు.

ఇక మాట నిలబెట్టుకున్నవారి సంగతి. వారికి పొంచి ఉన్న ప్రమాదం ఇంతకంటే పెద్దది. తమ ఉపవాసాలు లెక్కపెట్టుకునేవారు కొన్నాళ్ళకు పక్కవారి ఉపవాసాలు కూడా లెక్కపెట్టడం మొదలుపెడతారు. ప్రభువు చెప్పిన ఉపమానంలో, వారానికి రెండుమార్లు ఉపవాసం ఉంటున్నానని దేవాలయంలో నిలబడి చెప్పుకున్న పరిసయ్యుడు అబద్ధమాడలేదు. నిజంగానే ఉన్నాడు. అయినా ఆ పూట నీతిమంతుడిగా ఇంటికి తిరిగి వెళ్ళినవాడు అతను కాదు, దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకున్న సుంకరి. ఓడిపోయి వెనక బల్ల మీద కూర్చున్నవారూ, గెలిచి ముందు వరుసలో నిలబడినవారూ ఇద్దరూ చూస్తున్నది తమవైపే.

రక్షణ దేవుని కృప వల్లనే అని మనమందరం ఒప్పుకుంటాం. సాక్ష్యం చెప్పమంటే ఆ మాటే చెబుతాం. రక్షణ పొందిన మర్నాటినుంచి మాత్రం ఎదుగుదల మన కష్టార్జితం అన్నట్టు బతుకుతాం. గలతీ సంఘాల మీద పౌలుకు అంత ఆవేదన కలగడానికి కారణం ఇదే. పరిశుద్ధాత్మ మొదలుపెట్టిన పనిని తామే ముగించాలని వాళ్ళు చూస్తున్నందుకు ఆయన వాళ్ళను నిలదీశాడు. ఆ ప్రశ్న ఇవాళ మన సంఘాలకూ వర్తిస్తుంది. దాన్ని మీకు వివరంగా చెప్పడానికి ఒక మనిషి జీవితాన్ని ఎంచుకున్నాను. ఆయన పేరు జాన్ వెస్లీ.

వెస్లీ మనకు పరాయివాడు కాదు. మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించగా 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన మహాదేవాలయం వెస్లీ అనుచరులైన మెథడిస్టుల మిషను సేవలో లేచినదే. సికింద్రాబాదులో ఆయన పేరు పెట్టుకున్న చర్చి ఉంది, పాఠశాలలు ఉన్నాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అందులో కలిసిన ధారల్లో మెథడిస్టులది ఒకటి. అంతెందుకు, మొన్న రాత్రి మనం జరుపుకున్న వాచ్ నైట్ ఆరాధన ఉందే, అది కూడా ఆయన మెథడిస్టుల మధ్య స్థిరపరచిన ఆచారమే. బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గు గని కూలీలు ఒకప్పుడు శనివారం రాత్రి సారా దుకాణాల్లో గడిపేవారు. మారుమనస్సు పొందాక ఆ రాత్రులే ప్రార్థనలో గడపసాగారు. అది వద్దని కొందరు సలహా ఇచ్చినా వెస్లీ వినకుండా, తానే వెళ్ళి వాళ్ళతో కూర్చున్నాడు. ఆ అలవాటే పోనుపోను సంవత్సరాంతపు ఆరాధనగా మారింది.

1703లో ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అనే ఊళ్ళో ఒక గురువు ఇంట పుట్టాడాయన. తల్లి సుసన్నా పిల్లలను ఎంత క్రమంగా పెంచిందో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆక్స్‌ఫర్డులో చదివి, 1726లో అక్కడే లింకన్ కళాశాలలో ఫెలో అయ్యాడు. తమ్ముడు చార్లెస్ మొదలుపెట్టిన చిన్న ప్రార్థన గుంపుకు ఈయన నాయకుడయ్యాడు. వాళ్ళు చేసినవి వింటే మనకు తల తిరుగుతుంది. బుధవారం, శుక్రవారం మధ్యాహ్నం మూడింటిదాకా ఉపవాసం. జైలుకు వెళ్ళి ఖైదీలను చూసి రావడం. పేదపిల్లలకు చదువు చెప్పించడం. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం. దానికి తోడు వెస్లీ ఒక దినచర్య పుస్తకం రాసేవాడు. అందులో గంట గంటకూ ఏం చేశాడో, ఆ గంటలో తన మనసు దేవునివైపు ఎంత ఉందో సంకేత లిపిలో, అంకెలతో సహా రాసుకునేవాడు. తన ఆత్మకు తానే పరీక్ష పెట్టి, తానే దిద్ది, తానే మార్కులు వేసుకున్నాడు. ఇంత చేసినా ఆయనకు శాంతి లేదు. సరిపోయిందో లేదో తెలియని భయం వెంటాడుతూనే ఉంది.

1735 అక్టోబరులో సిమ్మండ్స్ అనే ఓడ ఎక్కి అమెరికాలోని జార్జియా వలసకు బయలుదేరాడు. అక్కడి ఆదివాసులకు సువార్త చెప్పాలన్నది అందరికీ తెలిసిన కారణం. దానికంటే ముఖ్యమైన కారణం తన ఆత్మను తాను రక్షించుకోవడమేనని వెస్లీ ఒక ఉత్తరంలో దాచకుండా రాశాడు. ఆ మనిషి నిజాయితీ చూడండి. సేవకు వెళుతూ కూడా తన గురించే వెళుతున్నాడని ఆయనకు తెలుసు.

అదే ఓడలో 26 మంది జర్మన్లు ఉన్నారు. మొరేవియన్ సహోదరులు అనే క్రైస్తవ సమాజంవారు. చదువులో వెస్లీ ముందు నిలబడగలిగినవారు కారు. ఓడలో మిగతావాళ్ళు చేయడానికి చిన్నతనంగా భావించే పనులు వీళ్ళు అడగకుండానే చేసేవారు, డబ్బిస్తే పుచ్చుకునేవారు కారు. ఎవరైనా తోసినా, కొట్టినా, కింద పడేసినా లేచి మాట్లాడకుండా పక్కకు వెళ్ళిపోయేవారు. వెస్లీ ఇదంతా గమనిస్తూ వచ్చాడు. వాళ్ళతో మాట్లాడాలని జర్మన్ భాష కూడా నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

1736 జనవరి 25, ఆదివారం. అప్పటికే కొన్ని తుఫాన్లు చూశారు. ఆ సాయంత్రం వచ్చింది అన్నిటికంటే పెద్దది. ఏడు గంటలకు వెస్లీ జర్మన్ల ఆరాధనకు వెళ్ళాడు. వాళ్ళు కీర్తన ఎత్తుకున్నారు. పాట మధ్యలో ఉండగా సముద్రం ఓడ మీద విరుచుకుపడింది. పెద్ద తెరచాప ముక్కలు ముక్కలైంది. అల ఓడను కప్పేసి, కింది అంతస్తులోకి నీళ్ళు దిగిపోయాయి. ఇక మునిగిపోయామనే అనుకున్నారందరూ. ఇంగ్లీషువాళ్ళు పెట్టిన కేకలు భరించలేనంతగా ఉన్నాయి. జర్మన్లు పాట ఆపలేదు. తడబడకుండా చివరిదాకా పాడారు. తరువాత వెస్లీ వాళ్ళలో ఒకతన్ని పట్టుకుని భయం వేయలేదా అని అడిగాడు. లేదన్నాడతను, దేవునికి స్తోత్రం చెబుతూ. మరి మీ ఆడవాళ్ళూ పిల్లలూ భయపడలేదా అని మళ్ళీ అడిగాడు. మా ఆడవాళ్ళకూ పిల్లలకూ చావంటే భయం లేదన్నాడతను.

ఆ పిల్లల మాట నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తోంది. పెద్దవాళ్ళ ధైర్యానికైతే ఏళ్ళ తరబడి చేసిన సాధన కారణమని అనుకోవచ్చు. పిల్లలకు సాధన ఎక్కడిది? వాళ్ళకు దినచర్య పుస్తకాలు లేవు, ఉపవాసాల చిట్టా లేదు. ఎవరి చేతుల్లో ఉన్నామో వాళ్ళకు తెలుసు, అంతే. వెస్లీకి పదేళ్ళుగా అందనిది ఆ పిల్లల దగ్గర ఉంది.

జార్జియాలో దిగగానే స్పాంగెన్‌బర్గ్ అనే మొరేవియన్ గురువు వెస్లీని కొన్ని ప్రశ్నలు అడిగాడు. యేసుక్రీస్తు తెలుసా అంటే, లోకరక్షకుడని తెలుసని వెస్లీ జవాబు. అది నిజమే గాని, ఆయన మిమ్మల్ని రక్షించాడని తెలుసా అన్నాడతను. ఆ మాట దగ్గర ఆ ఆక్స్‌ఫర్డు పండితుడు తడబడ్డాడు. రక్షించడానికి చనిపోయాడని ఆశిస్తున్నానన్నాడు. ఇంకా గట్టిగా అడిగితే తెలుసనే చెప్పాడు గాని, అవి వట్టి మాటలేమోనని తరువాత రాసుకున్నాడు. సవన్నాలో ఆయన సేవ గొడవల్లో ముగిసింది. 1737 డిసెంబరులో అక్కడినుంచి వచ్చేశాడు. ఇతరులను మార్చడానికి వెళ్ళిన నన్ను ఎవరు మారుస్తారన్న బాధ తిరుగు ప్రయాణంలో ఆయనను తొలిచేసింది.

1738 ఫిబ్రవరిలో లండనులో పీటర్ బోలర్ అనే యువకుడు పరిచయమయ్యాడు. వెస్లీకి అప్పుడు 34 ఏళ్ళు, బోలర్‌కు 25. వయసులో చిన్నవాడి దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి వెస్లీ వెనకాడలేదు. నాకే విశ్వాసం లేనప్పుడు ఇతరులకు ఎలా చెప్పను, ప్రసంగాలు మానేస్తానన్నాడు వెస్లీ. మానవద్దన్నాడు బోలర్. విశ్వాసం కలిగేదాకా దాన్నే బోధించు, కలిగాక ఎలాగూ దాన్నే బోధిస్తావు అన్నాడు. మర్నాడే వెస్లీ మరణశిక్ష పడిన ఒక ఖైదీకి, కేవలం విశ్వాసం ద్వారా దొరికే రక్షణ గురించి చెప్పాడు. తనకు ఇంకా అందని నీళ్ళ దగ్గరికి మరొకరిని నడిపించాడన్నమాట.

అదే సంవత్సరం మే 24. మధ్యాహ్నం సెయింట్ పాల్స్ ఆలయంలో, అగాధంలోనుంచి మొరపెట్టిన కీర్తన పాడుతుంటే విన్నాడు. రాత్రి ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగే కూడికకు వెళ్ళాడు. ఇష్టంగా వెళ్ళలేదని ఆయనే రాశాడు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆ రాత్రి ఆయన ఉపవాసం పట్టుదలగా చేయలేదు, కన్నీటితో పోరాడలేదు, కనీసం ఉత్సాహంతో కూడా వెళ్ళలేదు. ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతున్నారు. విశ్వాసం ద్వారా దేవుడు మనిషి హృదయంలో చేసే మార్పును గురించి చదువుతుండగా, తొమ్మిదికి పావుగంట తక్కువలో, తన గుండె వింతగా వెచ్చబడినట్టు అనిపించింది. తాను క్రీస్తును, క్రీస్తును మాత్రమే నమ్ముకుంటున్నానని తెలిసింది. నా పాపాలను కూడా తీసివేశాడన్న నిశ్చయం కలిగింది. అప్పుడు ఆయన మొట్టమొదట చేసిన పని, తనను బాధపెట్టినవారికోసం ప్రార్థించడం. ఏళ్ళ తరబడి కష్టపడి సాధించాలనుకున్న ప్రేమ అడగకుండానే వచ్చింది.

చాలామంది ప్రసంగీకులు ఈ కథను ఇక్కడే ఆపేస్తారు. అలా ఆపడం వినేవారికి అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం. ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక వెస్లీకి శోధనలు వచ్చాయి. మొరపెట్టగానే పోయాయి, మళ్ళీ వచ్చాయి. ఎనిమిది నెలలు తిరగకుండానే, 1739 జనవరిలో, తాను క్రైస్తవుణ్ణే కానని తన దినచర్యలో రాసుకున్నాడు. ఒక రాత్రి వెచ్చదనం మీద జీవితమంతా ఆనుకోలేమని దీనివల్ల తెలుస్తుంది. మన అనుభవం కూడా మనదే కదా. ఉపవాసం మీద ఆనుకోవడం ఎంత పొరపాటో, ఫలానా కూడికలో నాకు కలిగిన అనుభవం మీద ఆనుకోవడం కూడా అంతే పొరపాటు. అనుభవం ఇచ్చిన దేవుని మీద ఆనుకుంటే, ఆ వెచ్చదనం ఉన్న రోజూ లేని రోజూ నిలబడతాం.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. అంతా దేవుడే చేస్తే మనం చేయవలసింది ఏమీ లేదా? ఊరికే కూర్చోవడమేనా? ఈ ప్రశ్న వెస్లీ కళ్ళముందే గొడవగా మారింది. లండనులో ఫెటర్ లేన్ అనే వీధిలో ఆయన, మొరేవియన్లు కలిసి నడిపే కూడికలోకి ఒక కొత్త బోధ వచ్చింది. సంపూర్ణ విశ్వాసం కలిగేదాకా ఏమీ చేయకూడదు, ప్రార్థన వద్దు, వాక్యం చదవొద్దు, ప్రభు భోజనం తీసుకోవద్దు, కదలకుండా నిశ్చలంగా ఉండాలి అన్నారు. ఎవరి పిల్లలను చూసి తాను విశ్వాసం నేర్చుకున్నాడో వాళ్ళ సహోదరులే ఈ మాట అంటుంటే వెస్లీకి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఆలోచించండి. అయినా ఒప్పుకోలేదు. 1740 జూలైలో వాళ్ళనుంచి విడిపోయాడు.

ప్రార్థన, వాక్యధ్యానం, ప్రభు భోజనం, ఇవి కృప మనదాకా పారివచ్చే కాలువలు అన్నది వెస్లీ బోధ. గోదావరి జిల్లాల శ్రోతలకు ఇది నేను విడమరిచి చెప్పనవసరం లేదు. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదలకముందే రైతు తన చేనుకు వచ్చే పంట బోదెలోకి దిగుతాడు. గుర్రపుడెక్క లాగేస్తాడు, తూటికాడ నరికేస్తాడు, పూడిక తీసి గట్టున వేస్తాడు. నడుం పడిపోయే పని అది. ఎంత తవ్వినా బోదెలో నీళ్ళు పుట్టవని అతనికి తెలుసు. నీళ్ళు గోదావరివి. తవ్వకపోతే తన మడికి చేరవని కూడా అంతే బాగా తెలుసు. తవ్విన బోదెను చూసుకుని ఇదిగో నా నీళ్ళు అనుకునే రైతు ఎక్కడా ఉండడు. మనం మాత్రం మన ప్రార్థన గంటలను చూసుకుని ఇదిగో నా భక్తి అనుకుంటాం.

1738కి ముందు వెస్లీ నాలుగింటికి లేచాడు. ఆ తరువాత కూడా, ముసలితనం దాకా, నాలుగింటికే లేచాడు. ఉపవాసాలు చేశాడు, వాక్యం చదివాడు, జైళ్ళకు వెళ్ళాడు. చూసేవారికి పెద్ద తేడా కనబడదు. ఇదివరకు దేవుణ్ణి మెప్పించడానికి లేచేవాడు, ఇప్పుడు దేవుని దగ్గర తీసుకోవడానికి లేస్తున్నాడు. రాత్రి పడుకునేటప్పుడు మార్కులు వేసుకునే పని లేకపోయింది. గుర్రం మీద ఆయన చేసిన ప్రయాణాలు సుమారు రెండున్నర లక్షల మైళ్ళని చరిత్రకారులు లెక్కగడతారు. 1791 మార్చి 2న, 87 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆ చివరి దినాల్లో చుట్టూ ఉన్నవారికి ఆయన ఆ మైళ్ళ గురించి ఏమీ చెప్పలేదు. పాపినైన నాకోసం యేసు చనిపోయాడన్న మాట, దేవుడు మనతో ఉండడమే అన్నిటికంటే గొప్పదన్న మాట, అవే పలికాడు.

పౌలు కూడా ఈ రెండు సంగతులనూ విడదీయలేదు. ఫిలిప్పీయులకు రాస్తూ, మీ రక్షణ విషయంలో భయంతో వణుకుతో పాటుపడండి అన్న అర్థం వచ్చే మాట చెప్పి, ఊపిరి తీసుకోకుండానే, మీలో కోరికనూ కార్యాన్నీ కలిగిస్తున్నది దేవుడేనని జోడించాడు. తాను అపొస్తలులందరికంటే ఎక్కువ కష్టపడ్డానని మరొకచోట ఒప్పుకుంటూనే, ఆ కష్టపడింది తనతో ఉన్న దేవుని కృపేనని దిద్దుకున్నాడు. ఆసియాలో తమ శక్తికి మించిన శ్రమ వచ్చి, బతుకుతామన్న ఆశ కూడా పోయినప్పుడు, అది ఎందుకు జరిగిందో కొరింథీయులకు చెబుతాడు. మనల్ని మనం నమ్ముకోకుండా, మృతులను లేపే దేవుణ్ణి నమ్ముకోవడానికట. పౌలంతటివాడికి కూడా అది మళ్ళీ నేర్చుకోవలసిన పాఠమే అయింది.

పేతురును కూడా ఒక్కసారి తలుచుకుందాం. అందరూ వదిలేసినా తాను వదలనన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. తోటలో కత్తి దూసిన మనిషి పిరికివాడేం కాదు. ప్రధానయాజకుని ఇంటి ముంగిట, చలి కాచుకునే మంట దగ్గర, ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు ఆ ధైర్యమంతా కరిగిపోయింది. అతను పడిపోతాడని ప్రభువుకు ముందే తెలుసు. ఆయన చెప్పింది, నీ విశ్వాసం తప్పిపోకుండా నేను నీకోసం వేడుకున్నాను అని. పేతురు తిరిగి లేవడానికి కారణం ఆ ప్రార్థనే. తిబెరియ సముద్రం ఒడ్డున, నిప్పుల మీద కాల్చిన చేపలు తిన్నాక, ప్రభువు ముమ్మారు నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగితే ఈసారి పేతురు ప్రమాణాలు చేయలేదు. నీకే తెలుసు ప్రభువా అన్నాడు. తన ప్రేమకు తాను పూచీ ఉండలేనని తెలుసుకున్న మనిషి జవాబు అది. అలాంటివాడి చేతికే ప్రభువు తన గొర్రెలను అప్పగించాడు.

ఇదంతా వంటింట్లో ఎలా ఉంటుందో చూద్దాం. ఉదయం ఎనిమిదింటికి స్కూలు ఆటో వచ్చి హారన్ కొడుతోంది. పిల్లవాడికి ఒక సాక్సు దొరకడం లేదు. టిఫిన్ డబ్బా మూత పట్టడం లేదు. తల్లి ఐదింటికే లేచి ప్రార్థన చేసుకుంది, ఇవాళ అరవనని దేవుడికి మాట కూడా ఇచ్చింది. ఎనిమిదీ ఐదుకు అరిచింది. పిల్లవాడు ఏడుస్తూ ఆటో ఎక్కాడు. ఇప్పుడు ఆమె ముందు రెండు దారులున్నాయి. నేనింతే, నా ప్రార్థన ఎందుకూ పనికిరాదు అనుకుని రోజంతా కుమిలిపోవచ్చు. అలా కుమిలిపోవడం భక్తిలా కనబడుతుంది గాని, అది కూడా తన మీద తాను ఆనుకోవడమే. తాను ఇంతకంటే మంచిదాన్నని నమ్ముకున్నందువల్లే అంత బాధ. రెండోది, చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడి, ప్రభువా నా దగ్గర ఓపిక లేదు, నీది నాకియ్యి అని అడగడం. సాయంత్రం పిల్లవాడు రాగానే దగ్గరికి తీసుకుని, పొద్దున నేను అరవడం తప్పు నాన్నా అని చెప్పడం. పిల్లవాడికి అది వెయ్యి ఆదివారపు బడి పాఠాలతో సమానం. మర్నాడు కూడా ఆమె అరవవచ్చు. కానీ ఏడాది తిరిగేసరికి ఆ ఇంట్లో ఏదో మారి ఉంటుంది, అది ఎప్పుడు మారిందో ఆమెకే తెలియకపోవచ్చు. ప్రభువు తనను ద్రాక్షావల్లితో, మనలను తీగెలతో పోల్చింది అందుకే కదా. తీగె పని వల్లిలో నిలిచి ఉండడం. పండు ఎప్పుడు రంగు తిరిగిందో తీగె చూసుకోదు.

ఒక్కమాట ఇక్కడ తప్పకుండా చెప్పాలి. దేవుని మీద ఆనుకోవడమంటే డాక్టరు రాసిన మాత్రలు మానేయడమని బోధించేవారు కొందరున్నారు. వారి మాట నమ్మకండి. బీపీ, షుగరు మందులు మానేసి ప్రాణం మీదికి తెచ్చుకోవడం విశ్వాసం కాదు. వైద్యుడైన లూకాను పౌలు ప్రియుడని పిలిచాడు. మందు కూడా ఆ దేవుడిచ్చిన కాలువే.

రేపు ఆదివారం చాలా సంఘాల్లో నిబంధన ఆరాధన జరుగుతుంది. అది కూడా వెస్లీ దగ్గరినుంచి వచ్చినదే. 1755 ఆగస్టు 11న లండనులోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో సుమారు 1,800 మంది మొదటిసారి కలిసి లేచి నిలబడి ఆ నిబంధన చేశారు. ఈసారి ఆ ప్రార్థన చదివేటప్పుడు కాస్త నిదానంగా చదవండి. నేను ఫలానా ఫలానా చేస్తానని అందులో పెద్ద పట్టికేమీ ఉండదు. నేనిక నా సొత్తు కాను, నన్ను పనిలో పెట్టినా, పక్కన పెట్టినా నీ ఇష్టమే అన్న భావం ఉంటుంది. పక్కన పెట్టినా సరే అనడం ఎంత కష్టమో సంఘంలో చాలాకాలం సేవ చేసినవారికి తెలుస్తుంది. ఆ తరువాత ప్రభు భోజనం ఉంటుంది. వెనక బల్ల మీద కూర్చునే సహోదరీ, సహోదరా, ఈసారి లేచి రండి. ఆ బల్ల దగ్గరికి రావడానికి ఏ అర్హతా అక్కరలేదు, నాకు ఏ సత్తువా లేదని తెలిసి ఉంటే చాలునని వెస్లీ ఆనాడు ఫెటర్ లేన్ వారితో వాదించాడు. నిన్నటిదాకా మిమ్మల్ని ఆపిందేదో, అదే మీరు రావలసిన కారణం.

చివరిగా, రేపు చర్చికి వెళ్ళలేక ఈ ప్రసంగం మంచం మీదినుంచే వింటున్నవారు కొందరుంటారు. పక్షవాతం వచ్చినవారు, డయాలిసిస్ మీద ఉన్నవారు, చూపు తగ్గి బైబిలు చదవలేనివారు. ఒకప్పుడు మోకాళ్ళ మీద గంటలు గంటలు ప్రార్థించినవారు. ఇప్పుడు మోకాళ్ళు వంగవు, ఉపవాసానికి డాక్టరు ఒప్పుకోడు, రెండు మాటలు ప్రార్థించేసరికి కునుకు పడుతుంది. ఇక నా ఆత్మీయ జీవితం అయిపోయినట్టే అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. మీ ఎదుగుదల మీ మోకాళ్ళ మీద ఆధారపడి ఉంటే అది అయిపోయినట్టే. అది ఏనాడూ వాటి మీద ఆధారపడలేదు. తన ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకుంటే, ప్రభువు తీయలేదు, తన కృప చాలునన్నాడు. బలహీనత ఉన్నచోటే తన శక్తి నిండుగా పనిచేస్తుందన్నాడు. మీ మంచం ఇప్పుడు అలాంటి చోటు. ప్రార్థన మధ్యలో కునుకు పట్టినా, మీకోసం వేడుకునే ప్రభువు కునకడు.

నడవగలిగిన మీరు ఈ వారం ఒక పని చేయండి. మీ వీధిలో అలా మంచం పట్టిన విశ్వాసి ఎవరైనా ఉంటే చూడడానికి వెళ్ళండి. పళ్ళు తీసుకెళ్ళండి, కాసేపు కబుర్లు చెప్పండి. లేచి వచ్చేముందు వారి మంచం పక్కన మోకరించి, వారి చెయ్యి తీసుకుని మీ తల మీద పెట్టుకుని, మీకోసం ప్రార్థించమని వారిని అడగండి.